సెకండ్ హ్యాండ్ పీఎస్5: డబ్బు ఇచ్చే ముందు అరగంట

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ పీఎస్5, అంటే సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5, దొరికే దారులు ముఖ్యంగా రెండు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనం సీటీసీ అనేది, ఒకటి. ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ప్రకటన చూసి, కూకట్‌పల్లికో దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్లి, అమ్మేవాళ్ల ఇంట్లో చూసి తెచ్చుకోవడం రెండోది. షాపులో ధర కాస్త ఎక్కువ పడుతుంది కానీ రేపు ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక కౌంటరు ఉంటుంది. ఇంటి దగ్గర ధర తగ్గుతుంది, గుమ్మం దాటాక మాత్రం మంచైనా చెడైనా మనదే.

ఎక్కడ కొన్నా ఒక్క పట్టు వదలకండి: టీవీకి పెట్టి అరగంట నడిపించి చూశాకే డబ్బు. లోపం ఉన్న పీఎస్5 కూడా హోమ్ స్క్రీన్ దాకా చక్కగా వస్తుంది. వేడెక్కాక, డిస్క్ సగం కాపీ అయ్యాక, ఇంటర్నెట్‌కి కలిపాక బయటపడే లోపాలే ఖరీదైనవి. "జర టీవీకి పెట్టి చూపియ్యవా అన్నా" అని అడిగితే "ఫుల్ కండిషన్ బ్రో, చెక్ చేసేదేం లేదు" అని జవాబొస్తే అక్కణ్నుంచి లేచి వచ్చెయ్యండి. సీటీసీలో ఇంకో షాపు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది.

ముందు ఏ మోడలో తేల్చుకోండి

డిస్క్ డ్రైవ్ ఉన్నదే కొనండి. ఈ విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు. పీఎస్5 ఇండియాకి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు, డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ 39,990. తర్వాతి చిన్న మోడల్ స్లిమ్ 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు 54,990, 44,990. రెండుసార్లూ తేడా పదివేలే. ఆ పదివేలు మిగుల్చుకున్నవాళ్లకి ఆటలు కొనడానికి మిగిలేది ఒకే ఒక్క దుకాణం, సోనీ సొంత స్టోర్. అక్కడ బేరం లేదు, తిరిగి అమ్ముకోవడం లేదు, స్నేహితుడితో మార్చుకోవడం లేదు. డిస్క్ ఉన్నవాళ్లు పాత ఆటని 2,500కి కొని, అయిపోయాక 2,000కి అమ్మేస్తే ఆ ఆటకి పడ్డ ఖర్చు 500. డిజిటల్‌లో 4,999 పెట్టి కొన్న ఆట అయిపోయినా ఆ 4,999లో ఒక్క రూపాయి వెనక్కి రాదు. పెద్ద ఆటలు మూడు ఆడేసరికే ఆ పదివేల ఆదా ఆవిరైపోతుంది.

ఇప్పుడు పరిశ్రమ నడుస్తున్న తీరు చూసినా ఇదే తోస్తుంది. వెనకటి తరాల్లో కన్సోల్ పాతబడేకొద్దీ ధర దిగేది. ఈ తరంలో ఎక్కుతోంది. 2025 ఆగస్టులో అమెరికాలో పీఎస్5 ధరని సోనీ 50 డాలర్లు పెంచింది. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తన ఆటల చందా పథకం గేమ్ పాస్ అల్టిమేట్ నెల ధరని అమెరికాలో 19.99 డాలర్ల నుంచి ఒక్కసారిగా 29.99కి తీసుకెళ్లింది. డిజిటల్ స్టోర్లలో మనం కొనేది ఆట కాదు, లైసెన్సు మాత్రమేనని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం చేసి మరీ చెప్పించాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. జీటీఏ 6 అనే ఆట విడుదల 2026 నవంబర్ 19 అని దాన్ని చేసే రాక్‌స్టార్ ప్రకటించాక ఈ తరం మెషిన్లకి గిరాకీ ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు. "ఇంకాస్త ఆగితే చవకవుతుంది" అనే లెక్క ఈసారి పని చెయ్యదనే మా అభిప్రాయం.

మోడల్ ఏదో మెషిన్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. సీఎఫ్‌ఐ తర్వాత వచ్చే అంకెలు చూడండి. 1000, 1100, 1200 సిరీస్‌లు పాత పెద్ద మోడల్, 2000 సిరీస్ స్లిమ్. చివర ఏ ఉంటే డిస్క్ డ్రైవ్‌తో వచ్చింది, బీ ఉంటే డిజిటల్. సిరీస్ అంకె తర్వాత వచ్చేది ప్రాంతం: సీఎఫ్‌ఐ-1008ఏ, సీఎఫ్‌ఐ-2008ఏ లాంటివి ఇండియాలో అమ్మినవి, 15 ఉంటే అమెరికా పీస్. బయటి పీస్‌కి ఇక్కడ సోనీ వారంటీ వర్తించదు, ధరలో ఆ తేడా కనిపించాలి. పాత పెద్ద మోడల్లో 1200 సిరీస్ దొరికితే దానికే ఓటు. చిప్ 6 నానోమీటర్లకి మారింది, కరెంటు తక్కువ తింటుంది, బరువు కూడా తక్కువ.

ఇంపోర్టెడ్ పీసుల్లో ఒకటి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. 2025 నవంబర్ 21న సోనీ జపాన్‌లో 55,000 యెన్లకి ఒక డిజిటల్ మోడల్ తెచ్చింది. అది జపనీస్ భాషలో మాత్రమే నడుస్తుంది, జపాన్ అకౌంట్లే తీసుకుంటుంది. ధర చూసి ఎవరైనా తెచ్చి ఇక్కడ అమ్మజూపితే మనకి అది పనికిరాదు. డబ్బా మీద జపనీస్ అక్షరాలు కనిపిస్తే మెషిన్ ఆన్ చేయించి, భాషల జాబితాలో ఇంగ్లిష్ ఉందో లేదో చూడండి.

ఇంకా శక్తిమంతమైన పీఎస్5 ప్రో సంగతి వేరు. 2024 నవంబర్‌లో విడుదల చేసినప్పుడు, 6 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కి అనుమతి లేని దేశాల్లో అమ్మడం లేదని సోనీ చెప్పింది; ఆ జాబితాలో అప్పుడు ఇండియా ఉంది. అలా ఇక్కడికి వచ్చిన ప్రోలు బయటి నుంచి మోసుకొచ్చినవే. పైగా దానికి డిస్క్ డ్రైవ్ రాదు, విడిగా కొని తగిలించుకోవాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి

ఒక పీఎస్5 డిస్క్, ఒక పీఎస్4 డిస్క్. ఫోన్‌లో హాట్‌స్పాట్‌కి సరిపడా డేటా. ఒక యూఎస్‌బీ పెన్‌డ్రైవ్, టైప్-సీ కేబుల్, చిన్న టార్చి. మీ ప్లేస్టేషన్ అకౌంట్ పాస్‌వర్డ్, దాని రెండో దశ కోడ్ వచ్చే ఫోన్. వీలైతే ల్యాప్‌టాప్.

రెండు డిస్కులెందుకంటే పీఎస్4 ఆటలు మామూలు బ్లూరే మీద వస్తాయి, పీఎస్5 ఆటలు అల్ట్రా హెచ్‌డీ బ్లూరే మీద. లెన్సు బలహీనపడితే ఒకటి చదివి ఇంకోదాని దగ్గర మొరాయించవచ్చు. ఆడియో సీడీతో పరీక్షించకండి. పీఎస్5 ఆడియో సీడీలు అసలు చదవదు, మంచి డ్రైవ్‌ని పాడైందనుకుని వదిలేస్తారు.

ఆన్ చెయ్యక ముందు

పక్క తెల్ల ప్యానెళ్లు చేత్తోనే ఊడొస్తాయి, అవి తీస్తే వారంటీ పోదు. తీయించి టార్చి వేసి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పేరుకుని ఉంటే అది లోపం కాదు, వాడిన వస్తువని మాత్రమే అర్థం. చూడాల్సింది స్క్రూల తలలు. సోనీ వాడేది నడుమ బొడిపె ఉన్న టీ8 టార్క్స్ స్క్రూలు. సరైన బిట్ లేకుండా తిప్పితే వాటి గాడులు అరిగి మెరుస్తాయి. అలా కనిపిస్తే ఎవరో విప్పారన్నమాట. సీల్ స్టిక్కర్లు చిరిగి ఉన్నా అంతే.

విప్పితే ఏమవుతుంది? పీఎస్5లో చిప్‌కీ, దాని వేడిని లాగే హీట్‌సింక్ దిమ్మెకీ మధ్య మామూలు థర్మల్ పేస్ట్ ఉండదు, లిక్విడ్ మెటల్, అంటే ద్రవరూపంలోని లోహం, ఉంటుంది. వేడిని అద్భుతంగా లాగుతుంది కానీ కరెంటుని కూడా పోనిస్తుంది, అల్యూమినియంని తినేస్తుంది. పీసీ ప్రాసెసర్‌కి పేస్ట్ రాసినంత తేలిగ్గా చెయ్యి పెడితే ఒక చుక్క పక్కనున్న భాగాల మీద పడి బోర్డే పోవచ్చు. చుట్టూ ఉండే స్పాంజి లాంటి అంచు సరిగ్గా కూర్చోకపోతే కొన్నాళ్లకి మెటల్ ఒకపక్కకి జారి చిప్‌లో కొంత భాగం పొడిగా మిగులుతుంది; అప్పుడు ఆట మధ్యలో మెషిన్ ఆగిపోతుంది. అందుకే "సర్వీస్ చేయించాం, కొత్తదానిలా ఉంది" అన్న మాట పీఎస్5 విషయంలో పొగడ్త కాదు. ఎవరు చేశారు, ఏం మార్చారు, బిల్లుందా అని అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్టు వస్తే వదిలెయ్యండి.

ఇక వెనక హెచ్‌డీఎంఐ పోర్టు. టార్చి వెలుగులో లోపలి పిన్నులు వంగకుండా ఒకే వరసలో ఉండాలి, పోర్టు బోర్డుకి గట్టిగా అతుక్కుని ఉండాలి. పీఎస్5లో తరచూ దెబ్బతినేవాటిలో ఇదొకటి. కేబుల్ పెట్టి ఉండగానే మెషిన్ లాగడం వల్ల పాడవుతుంది. స్టిక్కర్ మీద సీరియల్ నంబర్, డబ్బా మీద నంబర్, బిల్లు మీద నంబర్ మూడూ కలవాలి. ఇండియా పీస్‌కి కొన్న తేదీ నుంచి ఏడాది వారంటీ. ఏడాది దాటినా బిల్లు అడగండి, అది దొంగ సొత్తు కాదనడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.

అరగంట పరీక్ష

షాపులో ఏసీ ఉంటుంది. 24 డిగ్రీల గదిలో బాగా నడిచిన మెషిన్ మే నెలలో మీ ఇంట్లో ఎలా నడుస్తుందో అది చెప్పదు. సోనీ లెక్క ప్రకారమే పీఎస్5 నడవాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మన ఎండాకాలం ఆ పై గీత దగ్గరే కాపురం చేస్తుంది. కాబట్టి చల్లటి గదిలోనే ఫ్యాన్ గోల పెడుతుంటే ఇంట్లో ఇంకా ఘోరంగా ఉంటుంది.

మెషిన్ ఆన్ చేయించి, ముందుగా మీ పీఎస్5 డిస్క్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ఆట మొత్తం డిస్క్ నుంచి లోపలికి కాపీ కావడానికి చాలాసేపు పడుతుంది. ఆ కాపీయే డ్రైవ్‌కి అసలు పరీక్ష. లెన్సు నీరసించిన డ్రైవ్ మొదట్లో బాగానే చదివి మధ్యలో ఆగుతుంది, లేదా డిస్క్ చదవలేకపోతున్నానని చెప్పి బయటికి తోస్తుంది. గరగర శబ్దం, డిస్క్ మింగడానికి తడబాటు, ఎవరూ నొక్కకుండానే బయటికి తొయ్యడం, ఇవన్నీ చెడు గుర్తులే. పాత పెద్ద మోడల్లో డ్రైవ్‌లోని బోర్డు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. ఇంకో మెషిన్ డ్రైవ్ తెచ్చి తగిలిస్తే ఆటలు చదవదు. "డ్రైవ్ చిన్న రిపేరు, మూడొందలు" అని ఎవరైనా అంటే నమ్మకండి. స్లిమ్‌లో డ్రైవ్ విడిగా ఊడొస్తుంది, కొత్తది తగిలించుకోవచ్చు. కాకపోతే మొదటిసారి జోడించేటప్పుడు ఇంటర్నెట్ తప్పనిసరి. ఫోన్ డేటా తీసుకెళ్లమన్నది ఇందుకూ పనికొస్తుంది.

డిస్క్ కాపీ అవుతుండగా ఆస్ట్రోస్ ప్లేరూమ్ తెరవండి. ప్రతి పీఎస్5లోనూ కంపెనీయే వేసి ఇచ్చే ఆట ఇది. తీసేసి ఉంటే స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ మెషిన్ మీద గట్టిగానే భారం వేస్తుంది. కంట్రోలర్‌లో ఉన్న ప్రతి భాగాన్నీ వాడుకుంటుంది కూడా: మైకులోకి ఊదమంటుంది, టచ్‌ప్యాడ్ మీద గీయమంటుంది, ప్యాడ్‌ని అటూఇటూ వంచమంటుంది, ట్రిగ్గర్లు బిగుసుకుంటాయి. ఎల్2, ఆర్2 రెండూ ఒకే బిగువుతో ఎదురు తోస్తున్నాయో లేదో వేళ్లకి తెలుస్తుంది. ఒకటి లూజుగా ఉంటే లోపలి స్ప్రింగో చిన్న మోటారో పోయినట్టు.

చెయ్యి పెట్టకపోయినా స్టిక్ తనంతట తానే కదిలినట్టు ఆట అనుకోవడాన్ని డ్రిఫ్ట్ అంటారు. అది మాత్రం ఆటలో పరుగెడుతుంటే పట్టుబడదు. ప్యాడ్‌ని బల్ల మీద పెట్టి చేతులు తీసెయ్యండి. తెర మీద బొమ్మ నిమిషం పాటు కదలకుండా నిలబడాలి. తర్వాత ఒక్కో స్టిక్‌ని అంచు దాకా తోసి టక్కున వదిలెయ్యండి, నాలుగు వైపులా ఇలాగే. వదిలిన తర్వాత బొమ్మ ఒక్క అడుగైనా అదనంగా వేస్తే అది డ్రిఫ్ట్. ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా సులువు. ప్యాడ్‌ని టైప్-సీ కేబుల్‌తో కలిపి, బ్రౌజర్‌లో ఏదైనా గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ తెరిస్తే స్టిక్ విలువలు అంకెల్లో కనిపిస్తాయి. చెయ్యి తీశాక 0.05 లోపు ఉంటే పర్వాలేదు, 0.1 దాటి వణుకుతుంటే స్టిక్ పని అయిపోయిందనుకోండి. ఈ జబ్బు పీఎస్5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌కి పుట్టుకతో వచ్చింది: స్టిక్ కింద ఒకదాని మీద ఒకటి రాసుకునే పొటెన్షియోమీటర్లు ఉంటాయి, అరగడం ఖాయం. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్, టీఎంఆర్ స్టిక్కులు మార్కెట్లో ఉన్నాయి, సోల్డరింగ్ చేతనైనవాళ్లు మార్చగలరు. డ్రిఫ్ట్ ఉందని మెషిన్ వద్దనుకోనక్కర్లేదు. కొత్త ప్యాడ్ ధర తీసేసి బేరమాడండి.

ఈపాటికి పది పదిహేను నిమిషాలవుతుంది. వెనక గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూడండి. వేడి గాలి ధారాళంగా రావాలి. గాలి బలహీనంగా ఉండి మెషిన్ ఒళ్లు కాలుతుంటే దుమ్ము అడ్డం పడింది. ఫ్యాన్ హోరెత్తుతున్నా వచ్చే గాలి పెద్దగా వేడిగా లేకపోతే అది ఇంకా ప్రమాదం: వేడి చిప్ నుంచి హీట్‌సింక్‌కి చేరడం లేదు, లిక్విడ్ మెటల్ మీద అనుమానపడాలి. బాగా వేడెక్కిందన్న హెచ్చరిక తెర మీద వచ్చినా, ఉన్నట్టుండి ఆగిపోయినా బేరం అక్కడితో ఆపెయ్యండి. ఎంత తగ్గించినా వద్దు.

ఆట నడుస్తుండగానే హెచ్‌డీఎంఐ కేబుల్‌ని వేలితో మెల్లగా అటూఇటూ కదపండి. బొమ్మ మినుకుమంటే పోర్టు వదులైంది. సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియో, అందులో వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ఏ రిజల్యూషన్ వెళ్తోందో కనిపిస్తుంది. షాపు బల్ల మీద ఉండే చిన్న మానిటర్లో 1080 దాటి చూడలేరు. 4కె టీవీ కోసమే కొంటున్నవాళ్లు షాపులో ఉన్న ఏదైనా 4కె టీవీకి ఒక్క నిమిషం కలపమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, పెడుతున్నది ముప్పై నలభై వేలు.

మిగతావి త్వరగా అయిపోతాయి. అన్ని యూఎస్‌బీ పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడడం, వైఫై 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్‌ని పట్టుకుంటోందా అన్నది, రెస్ట్ మోడ్‌లోకి వెళ్లి తిరిగి లేస్తోందా అన్నది. స్టోరేజ్‌లో 825 జీబీ మోడల్‌కి వాడుకోవడానికి దొరికేది 667 జీబీ. అంతే చూపిస్తుంటే కంగారుపడకండి.

"యాభై గేములు ఫ్రీ"

ఓఎల్ఎక్స్ ప్రకటనల్లో అందరినీ లాగే మాట ఇది. మెషిన్‌తో పాటు అకౌంట్ కూడా ఇస్తాం, అందులో యాభై ఆటలున్నాయి, అవన్నీ మీవే అంటారు. ఆ యాభై ఆటలకి ఒక్క పైసా ఎక్కువ ఇవ్వకండి.

డిజిటల్ ఆటలు మెషిన్‌కి కాదు, కొన్న అకౌంట్‌కి అంటుకుని ఉంటాయి. కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ మెషిన్ మీద వేరేవాళ్లు కూడా ఆడుకోవచ్చు, అమ్మేవాళ్లు చూపించేది ఇదే. అమ్మిన మనిషి ఇంటికెళ్లి వెబ్‌సైట్‌లో తన అకౌంట్ తెరిచి అన్ని మెషిన్లనీ డీయాక్టివేట్ చేస్తే ఆ యాభై ఆటలకీ తాళం పడుతుంది. ఆరు నెలలకోసారి అలా చేసే వెసులుబాటు సోనీయే ఇస్తుంది. అకౌంట్ పాస్‌వర్డే ఇచ్చేసినా అంతే. మొదట అకౌంట్ తెరిచిన మనిషి పాత ఈమెయిల్, కొనుగోలు వివరాలు చూపించి వెనక్కి తెచ్చుకోగలడు. అకౌంట్లు అమ్మడం సోనీ నిబంధనలకే విరుద్ధం కాబట్టి మీరెక్కడా ఫిర్యాదు చేసుకోలేరు.

జైల్‌బ్రేక్ చేసిన, అంటే సోనీ పెట్టిన తాళాలు తప్పించిన, మెషిన్‌దీ ఇదే దారి. పాత సాఫ్ట్‌వేర్ మీదే ఆగిపోవాలి, అప్‌డేట్ చేస్తే జైల్‌బ్రేక్ పోతుంది, ఆన్‌లైన్‌కి వెళ్తే మెషిన్ బ్యాన్ అవుతుంది. కొత్త ఆటలు కొత్త సాఫ్ట్‌వేర్ అడుగుతాయి. దొంగ కాపీల సంగతి సరేసరి.

కాబట్టి బేరం కుదిరాక, డబ్బు ఇవ్వక ముందు, మెషిన్‌ని మీ కళ్లెదుటే ఖాళీ చేయించండి. అమ్మేవాళ్లు ముందు తమ అకౌంట్‌లో కన్సోల్ షేరింగ్ ఆఫ్ చెయ్యాలి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, సిస్టమ్ సాఫ్ట్‌వేర్, రీసెట్ ఆప్షన్స్, రీసెట్ యువర్ కన్సోల్. మళ్లీ ఆన్ అయ్యాక హాట్‌స్పాట్‌కి కలిపి మీ అకౌంట్‌తో లోపలికి వెళ్లండి. ప్లేస్టేషన్ స్టోర్ తెరుచుకోవాలి. నెట్‌వర్క్ నుంచి ఈ మెషిన్‌ని నిషేధించారన్న సందేశం వస్తే ఆ మెషిన్ మీద ఆన్‌లైన్ ఆట, స్టోర్ రెండూ మర్చిపోవాల్సిందే. మీ అకౌంట్ బాగానే ఉన్నా లాభం లేదు, నిషేధం మెషిన్‌ది. సెకండ్ హ్యాండ్ పీఎస్5ల్లో కంటికి కనిపించని లోపం ఇదొక్కటే. ఇలా లాగిన్ అయి చూడడం తప్ప పట్టుకునే మార్గం లేదు.

బేరం చెడిపోతే అక్కడి మెషిన్‌లోంచి మీ యూజర్‌ని డిలీట్ చేసి లేవండి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక డబ్బు. మెషిన్ చూడకుండా అడ్వాన్స్ వద్దు. ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, పార్శిల్ చేస్తా అనే ప్రకటనలు పాత మోసం. క్యూఆర్ పంపి "స్కాన్ చేస్తే రిఫండ్ వస్తుంది" అంటే ఆగండి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. షాపులో కొంటే సీరియల్ నంబర్ రాసిన బిల్లు, ఎన్ని రోజుల టెస్టింగ్ వారంటీయో అదే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన పదిహేను రోజులు కౌంటర్లో మనిషి మారగానే పోతాయి.

డిస్కులు కొనేటప్పుడు

డిస్క్ ఉందంటే ఆట మొత్తం అందులో ఉందని కాదు, ఇది ఈ మధ్య పెరిగిన జాడ్యం. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ పీఎస్5 డిస్క్‌లో ఉన్నది 85 ఎంబీ మాత్రమే, మిగతాదంతా డౌన్‌లోడ్. కాంకార్డ్ అనే ఆటని సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసి సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చింది, నిజమే, కానీ ఆ డిస్క్ ఇప్పుడు దేనికీ పనికిరాదు. యూబీసాఫ్ట్ ది క్రూ ఆటని 2024 మార్చి 31న ఆపినప్పుడు ఇంత మర్యాద కూడా జరగలేదు. కొన్నేళ్ల పాటు ఆడుకున్నవాళ్ల ఆటా పోయింది, ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. 2025 జులైలో యూరప్‌లో వాళ్ల వినతికి పది లక్షల సంతకాలు దాటాయి. ఇది న్యాయమైన పోరాటమే. డబ్బు తీసుకుని అమ్మిన ఆటని నడిచే స్థితిలో వదిలి వెళ్లాలనడం గొంతెమ్మ కోరికేం కాదు.

కాబట్టి పాత డిస్క్ కొనేటప్పుడు ఆన్‌లైన్ సర్వర్ మీదే బతికే ఆటలు పక్కన పెట్టి, ఒక్కరే ఆడుకునే కథ ఆటలు ఎంచుకోండి. ఫుట్‌బాల్ లాంటి ఏటేటా వచ్చే ఆటలు కొత్త భాగం రాగానే ధర పడిపోతాయి, పాతదాన్ని మూడో వంతుకైనా అడగండి. పీఎస్4, పీఎస్5 డిస్కులకి ప్రాంతం అడ్డు లేదు, ఏ దేశం డిస్కైనా ఆడుతుంది. కానీ అదనపు డౌన్‌లోడ్ భాగాలు కొనాలంటే డిస్క్ ప్రాంతం, మీ అకౌంట్ ప్రాంతం కలవాలి. సీటీసీలో దొరికే ఇంపోర్టెడ్ డిస్కుతో ఇక్కడి అకౌంట్లో కొన్న అదనపు భాగం కలవక ఇరుక్కునేది ఇక్కడే.

డిస్క్ కింది వైపు సన్నని గీతలకి భయపడనక్కర్లేదు, బ్లూరే పూత గట్టిది. అయితే ఆ పూత కిందే, చాలా పలచటి పొరలో సమాచారం ఉంటుంది కాబట్టి గోటికి తగిలేంత లోతు గీత ఉంటే తీసుకోవద్దు. సీడీలకి చేసినట్టు పాలిష్ పట్టించి బాగుచేయడం దీనికి కుదరదు, పూతే పోతుంది.

నింటెండో కన్సోల్ స్విచ్ వైపు మనసు లాగేవాళ్లకి రెండు మాటలు. నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మదు, ఇక్కడ దొరికేవన్నీ ఇంపోర్టెడే. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 సెకండ్ హ్యాండ్‌లో చూస్తే నింటెండో ఆన్‌లైన్ స్టోర్ ఈషాప్ తెరిచి చూడండి. 2124-4508 అనే ఎర్రర్ వస్తే ఆ మెషిన్‌ని నింటెండో బ్యాన్ చేసింది. గేమ్-కీ కార్డ్ అని డబ్బా మీద రాసి ఉంటే లోపలి కార్డులో ఆట ఉండదు, తాళం మాత్రమే. ఆట డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఇంటికి తెచ్చాక

మొదట సిస్టమ్ అప్‌డేట్. తర్వాత ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డేటాబేస్ రీబిల్డ్ చెయ్యడం మంచిది: మెషిన్ పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినపడేదాకా, అంటే సుమారు ఏడు సెకన్లు, నొక్కి ఉంచండి. ప్యాడ్‌ని కేబుల్‌తో కలిపితేనే అక్కడ పనిచేస్తుంది.

చోటు చాలకపోతే ఎం.2 ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. పీసీఐఈ జెన్4 ఎన్‌వీఎంఈ కావాలి, సోనీ సూచించే వేగం సెకనుకి 5,500 ఎంబీ ఆపైన, హీట్‌సింక్ తప్పనిసరి, హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. పీసీ కోసం అమ్మే బండ హీట్‌సింకులు ఇక్కడే కుదరవు. 2025 చివర్నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి; క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ ప్రకటించింది. 1 టీబీ అవసరమైతే సరసమైన ధర కనిపించిన రోజే తీసుకోండి.

ఏప్రిల్, మే గాలివానలకి కరెంటు పోయే ఇళ్లలో యూపీఎస్ పెట్టండి. భారీ ఆటలో పీఎస్5 దాదాపు 200 వాట్లు లాగుతుంది, దానికి టీవీ కలపాలి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు, మెషిన్‌కీ చిన్న టీవీకీ సరిపోతుంది; పెద్ద టీవీ ఉంటే 1000 వీఏ తీసుకోండి. ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి సరిగ్గా ఆపడానికి.

విప్పిన దాఖలాలున్న మెషిన్‌ని కొన్నారంటే అడ్డంగానే పడుకోబెట్టి వాడండి. టీవీ స్టాండ్ గూట్లో దూర్చకుండా వెనక జానెడు ఖాళీ వదలండి. పాత పెద్ద మోడల్లో ప్యానెల్ తీస్తే ఫ్యాన్ పక్కన దుమ్ము పట్టుకునే రెండు రంధ్రాలు కనిపిస్తాయి. రెండు నెలలకోసారి, మెట్రో పనులో రోడ్డు పనులో జరిగే వీధిలో ఉంటే నెలకోసారి, ప్లగ్ తీసేసి వాక్యూమ్ క్లీనర్‌ని తక్కువ వేగంలో పెట్టి ఆ రంధ్రాల దగ్గర లాగండి. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఉంచాలి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.